కనికరం గుడికి వట్టి చేతులతో

ఆరు రోజుల్లో వచ్చేస్తామని పక్కింటావిడకి ఇంటి తాళం, కరివేపాకు మొక్క అప్పగించి బయల్దేరినవాళ్ళం పదహారో రోజున ఇల్లు చేరాం. కరివేపాకు బతికే ఉంది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "నాష్‌విల్‌లో అన్ని రోజులు చూడ్డానికి ఏముంది?" అంటున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు. అందుకే అందరికీ ఒకేసారి రాసిపెడుతున్నాను. ఇందులో నన్ను నేను మెచ్చుకునే సంగతులు పెద్దగా లేవని ముందే చెప్తున్నాను.

పిస్కాటవే: డిక్కీ నిండా సామాను

పిస్కాటవే దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఊరికే కూర్చోవడం చేతకాక కాలేజీలో సాయంత్రం క్లాసులో చేరాను. పాత గ్రీకులు, రోమన్లు కొలిచిన దేవతల గురించి చెప్తారు. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. ఈ వయసులో విగ్రహాల చదువు మొదలుపెట్టానని తెలిస్తే మా అమ్మ వారం రోజులు ఉపవాస ప్రార్థన పెట్టించేది.

ఆ క్లాసులోనే విన్నాను. ఏథెన్స్‌లో, సంత జరిగేచోట, కనికరానికి ఒక బలిపీఠం ఉండేదట. దానికి విగ్రహం లేదు. పశువుల్ని కోసేవారు కాదు, బంగారం పెట్టేవారు కాదు. ఓడిపోయినవాళ్ళూ, ఊరునుంచి తరిమేయబడ్డవాళ్ళూ వచ్చి అక్కడ కూర్చునేవారు. వాళ్ళ చేతిలో ఉండేదల్లా ఉన్ని చుట్టిన ఆలివ్ కొమ్మ. అలా వచ్చి అడిగినవాళ్ళకి ఏదో ఒక జవాబు చెప్పి తీరాలి. చేయిచ్చి లేపితే, ఇక ఆ మనిషిని కాపాడే బాధ్యత లేపినవాళ్ళదే.

క్లాసులో అందరూ నోట్స్ రాసుకుంటున్నారు. నేను పెన్ను మూసేశాను. ఎనిమిదేళ్ళ కిందట మా ఇంటికి కూడా ఒకామె అలాగే వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది కమలాపళ్ళ సంచి.

ఆమె పేరు పద్మజ. నా టీమ్‌లోనే పనిచేసేది. ఆఫీసులో పేరు పెట్టి పిలిచినా, బయట "అక్కా" అనేది. ఆ ఏడాది కంపెనీ కొందరిని తీసేసింది, లిస్టులో ఆమె ఉంది. ఆ లిస్టు నా చేతిలో లేదు. కానీ ఆఖరి రోజు ఏదో నన్నే రాయమన్నారు, నెలాఖరులోపు ఏ తేదీ అయినా సరే అన్నారు. పద్మజ గ్రీన్ కార్డ్ ఫైల్‌కి ఆమోదం పదకొండు రోజుల్లో రావాలి. అదొక్కటి వస్తే, ఉద్యోగం పోయినా క్యూలో ఆమె చోటు ఆమెకి ఉంటుంది. రాకముందే ఉద్యోగం పోతే ఫైలే పోతుంది. "అక్కా, పదకొండు రోజులు. అంతే," అంది, మా హాల్లో సోఫా అంచున కూర్చుని.

నేను ఇవ్వలేదు. రూల్ అన్నాను. రూలేమీ లేదు. అంతకు ముందు వారమే ఒక సహోద్యోగి నవ్వుతూ "మీవాళ్ళని మీరు బాగా చూసుకుంటారు" అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. మనవాళ్ళకి చేసిపెట్టిందని ఎవరూ అనకూడదని, మనమనిషికే అందరికన్నా ముందు తేదీ రాశాను. ఈ దేశంలో మనలో చాలామందిమి ఈ పని చేశాం, చేసి దాన్ని నిజాయితీ అనుకున్నాం. పద్మజకి కాఫీ ఇచ్చి పంపించాను. పళ్ళ సంచి మాత్రం ఉంచుకున్నాను.

ఉద్యోగం పోయాక వీసా ఇచ్చే గడువు అరవై రోజులే, ఆలోపే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి హైదరాబాద్ వెళ్ళిపోయారు. మళ్ళీ ఇంకో కంపెనీ ద్వారా వచ్చి నాష్‌విల్‌లో ఉంటున్నారని ఈమధ్యే తెలిసింది. "ఒకసారి కలవాలి పద్మా" అని మెసేజ్ పెట్టాను. మూడు రోజులకి జవాబు వచ్చింది. మంగళవారం పదింటికి, పార్కులో గ్రీకు గుడి మెట్ల దగ్గర. ఇంటికి రమ్మని లేదు.

వట్టి చేతులతో ఎలా వెళ్తాం? కంచిపట్టు చీర, స్టీలు డబ్బాలో ఆవకాయ, నూట యాభై సున్నుండలు, ఒక వెండి గిన్నె డిక్కీలో సర్దాను. మా ఆయన ప్రసాద్ గారు చూసి, "పెళ్ళికి వెళ్తున్నామా, క్షమాపణకి వెళ్తున్నామా?" అన్నారు. నేను డిక్కీ గట్టిగా వేశాను.

వర్జీనియా: నాణెం మీద నిలబడ్డావిడ

శనివారం మధ్యాహ్నం వర్జీనియాలో ఒక చిన్న కాలేజీ ఊళ్ళో ఆగాం. అక్కడి మ్యూజియంలో రోమన్ నాణేలున్నాయని మా టీచరమ్మ చెప్పింది. నేను వెతుకుతున్నది బొటనవేలి గోరంత వెండి నాణెం. ఒకవైపు చక్రవర్తి తల. రెండోవైపు ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో రాజదండం పట్టుకుని నిలబడ్డ స్త్రీ. రోమన్ల కనికరం ఆవిడే.

గ్రీకుల కనికరానికి ముఖం లేదు, అడిగేవాళ్ళది అది. రోమన్ల దగ్గరికి వచ్చేసరికి దానికి మంచి బట్టలొచ్చాయి, దండం వచ్చింది, గెలిచినవాడి గుణమైపోయింది. చంపగలిగీ చంపలేదు కాబట్టి పొగడండి అని నాణెం కొట్టించుకున్నారు. నాకు ఆ నాణెం మీద మహా కోపం వచ్చింది. నేను కూడా ఒకప్పుడు తేదీలు రాసే కుర్చీలో కూర్చున్నదాన్నని గుర్తొచ్చాక కోపం తగ్గింది.

గాజు పెట్టె పక్కన కాపలా ఆయన, డెబ్భై దాటిన నల్లజాతి పెద్దమనిషి, నేను అంతసేపు నిలబడడం చూసి దగ్గరికొచ్చాడు.

"ఆవిడెవరో తెలుసా మేడమ్?" అన్నాడు.

"కనికరం. రాజుగారి కనికరం."

"మా తమ్ముడికి గవర్నర్ దగ్గర్నుంచి వచ్చిందది," అన్నాడు. "పందొమ్మిదేళ్ళు జైల్లో ఉన్నాక. కాగితం మీద సంతకం మనిషి చేసింది కాదు, మెషీన్‌ది. గవర్నర్‌కి వాడి పేరు కూడా గుర్తుండదు."

"మీకు బాధనిపించలేదా?"

"నాకనిపించింది. మా అమ్మకి అనిపించలేదు. ఆ కాగితాన్ని ఫ్రేమ్ కట్టించి, పోయేదాకా వంటింట్లో పెట్టుకుంది." నాణెం వైపు చూసి, "పైనుంచి వచ్చినా కనికరం కనికరమే మేడమ్. రాకపోవడం కన్నా నయం," అన్నాడు.

మా ఆయన ఆ పెద్దమనిషి చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. బయటికొచ్చి తొమ్మిది డాలర్ల శాండ్‌విచ్ ఇద్దరం పంచుకున్నాం. అందులో ఉప్పూ కారం రెండూ లేవు. డిక్కీలో ఆవకాయ ఉంది కదా అన్నారాయన. అది పద్మజది, ముట్టుకోవద్దన్నాను.

టెనెసీ కొండల్లో: చీజ్ ఆదివారం

ఆ పాపమే తగిలింది. ఆదివారం కొండదారి మలుపుల్లో డబ్బా మూత ఊడింది. టెనెసీలోకి వచ్చాక ఒక చిన్న ఊళ్ళో హోటల్ ముందు ఆగి డిక్కీ తీస్తే, కంచిపట్టు చీర అంచునుంచి కొంగు దాకా ఆవకాయ నూనె. నేను అక్కడే పార్కింగ్‌లో కూలబడి కాగితం నేప్‌కిన్లతో తుడవడం మొదలుపెట్టాను. తుడిచేకొద్దీ ఎరుపు పాకుతోంది.

హోటల్ యజమానురాలు బయటికొచ్చింది. పేరు కతీనా. గ్రీకు ఆవిడ, డెబ్భై ఏళ్ళుంటాయి, నడుముకి ఏప్రన్. నన్ను ఒక్క మాట అడగకుండా లోపలికెళ్ళి మొక్కజొన్న పిండి తెచ్చి చీర మీద చల్లింది. "నూనె తాగేస్తుంది," అంది. పిండి కొంత తాగింది. మిగతాది చీరే తాగింది.

"ఎవరికి ఇది?"

చెప్పాను. అపరిచితులకి చెప్పడం ఎంత తేలికో. పదకొండు రోజులూ, పళ్ళూ అన్నీ చెప్పేశాను. ఆవిడ పిండి దులుపుకుంటూ, "సాయంత్రం మా చర్చికి రండి. ఇవాళ రావాల్సిన రోజే," అంది.

అది వాళ్ళ లెంటుకి, అంటే ఈస్టర్ ముందు వచ్చే ఉపవాసాలకి, ముందు ఆఖరి ఆదివారం. మాంసం వారం కిందటే మానేశారు, ఆ రోజుతో చీజ్, పాలు, వెన్న కూడా బంద్. అందుకని హోటల్లో మాకు చీజ్ పొరలు పెట్టిన రొట్టె మీద రొట్టె వడ్డించింది, డబ్బు తీసుకోనంది. మా గుంటూరులో శ్రమకాలం వస్తే అమ్మ మాంసం మానేసేది గానీ, పాలూ పెరుగూ ఎవరూ మానలేదు. పెరుగు లేకుండా నలభై రోజులంటే మా ఇంట్లో సగంమంది మతం మారిపోయేవారు.

చర్చి చిన్నది. ఐదింటికే మొదలైంది. "కీరియే ఎలేయిసోన్" అని పాడుతూనే ఉన్నారు, పదులసార్లు. ప్రభువా కరుణించు అని. మా ఊరి చర్చిలో తెలుగులో నేను పాడిన మాటే. అందులో కరుణకి ఉన్న గ్రీకు మాటే ఏథెన్స్ సంతలో బలిపీఠానికి పెట్టిన పేరు. సండే స్కూల్లో నేర్చుకున్న కరుణాపీఠం కూడా గుర్తొచ్చింది. పది ఆజ్ఞల పలకలు దాచిన మందసం మీద, రెక్కలు చాచిన రెండు కెరూబుల మధ్య ఖాళీ స్థలం. అక్కడా బొమ్మ లేదు. వేరువేరు జనాలు, వేరువేరు దేవుళ్ళు, అందరూ ఆ చోటుని ఖాళీగానే ఉంచారు. ఎందుకో నాకు తెలియదు. నేనైతే దాన్ని సున్నుండలతో నింపుదామని బయల్దేరాను.

పాటలయ్యాక ఫాదర్ ముందుకొచ్చి నిలబడ్డాడు. మొదటి మనిషి వెళ్ళి ఆయన ముందు వంగి, "నన్ను క్షమించు" అన్నాడు. ఫాదర్ కూడా వంగి, "దేవుడు క్షమిస్తాడు. నువ్వూ నన్ను క్షమించు" అన్నాడు. ఆ మనిషి ఆయన పక్కన నిలబడ్డాడు. రెండో మనిషి ఇద్దరికీ వంగి వరసలో చేరాడు. అలా ఒకరి తర్వాత ఒకరు, చర్చిలో ఉన్న ప్రతి మనిషీ ప్రతి మనిషినీ క్షమాపణ అడిగేదాకా. అత్తాకోడళ్ళు, ఎదురుబొదురు ఇళ్ళవాళ్ళు, చేతికర్ర ముసలాయనలు. కతీనా నన్ను మోచేత్తో పొడిచింది. వెళ్ళాను. ముక్కూమొహం తెలియని నలభైమందికి వంగి చెప్పాను. ఒక్కసారి కూడా గొంతు అడ్డం పడలేదు.

నేను వరసలో నిలబడ్డాక మా ఆయన నా ఎదురుగా వచ్చారు. ముప్ఫై అయిదేళ్ళ సంసారంలో మేమిద్దరం ఒకరికొకరం వంగింది లేదు.

"క్షమించు సుగుణా," అన్నారు.

"మీరేం చేశారండీ?"

"ఆ రోజు వంటింట్లోంచి అంతా విన్నాను. బయటికొచ్చి ఒక్కమాట అనుండాల్సింది. అనలేదు. పళ్ళు మాత్రం నేనే ఎక్కువ తిన్నాను."

వెనక ముసలావిడ తొందరపెడుతోంది. వంగి, "నన్నూ క్షమించండి" అన్నాను.

తర్వాత కింద హాల్లో కాఫీ. సున్నుండల్లో నెయ్యి ఉందని మా ఆయన నోరుజారారు. ఇక చూడాలి. రేపటినుంచి నెయ్యి లేదు, ఈ రాత్రికే తినాలని అందరూ ఉత్సాహపడ్డారు. ఒక్కొక్కరికీ మూడేసి, నాలుగేసి. డబ్బా అడుగు కనిపించింది. కతీనా చేతులు తుడుచుకుంటూ, "ఎల్లుండి ఆమె దగ్గరికి ఏం పట్టుకెళ్తావు?" అంది.

"వెండి గిన్నె మిగిలింది."

"ఇవాళ మేమెవరం ఏమైనా పట్టుకొచ్చామా?" అని అడిగి, నా బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది.

నాష్‌విల్: అంత ఎత్తు అమ్మవారు

మంగళవారం తొమ్మిదికే చేరాం. ఏథెన్స్‌లో కూలిపోయి ఉన్న ఎథీనా గుడిని ఇక్కడ అంతే కొలతలతో, కాంక్రీటుతో, పార్కు మధ్యలో కట్టారు. లోపల దేవత నలభై అడుగుల పైమాటే. ఒళ్ళంతా బంగారు పూత, చేతిలో ఈటె, డాలు, ఇంకో అరచేతిలో విజయదేవత బొమ్మ. చూస్తే మెడ పట్టేసింది. మా ఆయన ఫోటోలు తీస్తున్నారు. అంతెత్తు ఆవిడని ఏదైనా అడగడం కష్టం. అందుకే కాబోలు, కనికరాన్ని వాళ్ళు గుడి కట్టి కొండెక్కించకుండా కింద సంతలో పెట్టారు.

వెండి గిన్నె కార్లోనే వదిలేశాను. మా ఆయన్ని కూడా లోపలే వదిలేసి మెట్ల దగ్గరికొచ్చాను.

పద్మజ సరిగ్గా పదింటికి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. నడక నెమ్మదించింది.

"బాగున్నారా సుగుణ గారూ?"

గారూ. ఎనిమిదేళ్ళ దూరం ఆ ఒక్క మాటలో ఉంది. బెంచీ మీద కూర్చున్నాం. దారి పొడుగునా తయారుచేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"పద్మా, రూలేం లేదు. తేదీ నా చేతిలోనే ఉంది. ఇద్దామంటే ఇవ్వగలను. నన్నెవరో ఏదో అంటారని భయపడి ఇవ్వలేదు. నన్ను క్షమించు." కూర్చున్నచోటే వంగాను. ఈసారి గొంతు పూర్తిగా అడ్డం పడింది.

బాతులు వచ్చి మా చేతుల్లో ఏమీ లేదని చూసి వెళ్ళిపోయాయి.

"నాకు తెలుసు," అంది చివరికి. "ఆ రోజే తెలుసు. హెచ్ఆర్ వాళ్ళు చెప్పారు డేట్ మీ ఇష్టమని. తెలిసే వచ్చాను మీ ఇంటికి." తర్వాత నా వైపు తిరిగింది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ పళ్ళు ఏం చేశారు?"

పారేశామని చెప్పాలనిపించింది. "తిన్నాం," అన్నాను. "తియ్యగా ఉన్నాయి."

"ఉంటాయి. ఒక్కోటీ ఏరి కొన్నాను. దారిలో మా అనూ ఒకటి ఇవ్వమ్మా అని ఏడ్చింది. పదేళ్ళ పిల్ల. ఇవ్వలేదు. ఆంటీకి, ముట్టుకోవద్దు అని చెయ్యి మీద కొట్టాను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. కళ్ళు మాత్రం నిండాయి. "వీసా సంగతి ఎప్పుడైనా మర్చిపోతాను. అది మర్చిపోలేను."

నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆమె తన హ్యాండ్‌బ్యాగులోంచి టిష్యూ తీసి ఇచ్చింది.

"క్షమించాను అని నా నోట రావట్లేదు సుగుణ గారూ. రాకుండా చెప్తే అబద్ధమవుతుంది."

"చెప్పొద్దు పద్మా."

"కానీ మీరు వచ్చారు కాబట్టి ఒకటి అడుగుతాను." ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది. "ఎల్లుండి నాకు ఆపరేషన్. గర్భసంచి తీసేస్తున్నారు. మా ఆయన వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్ళి అక్కడే ఇరుక్కుపోయారు, కాన్సులేట్ వాళ్ళు అపాయింట్‌మెంట్ జరుపుతూనే ఉన్నారు. అనూకి మిడ్‌టర్మ్స్. డాక్టర్ రెండు వారాలు ఎవరో ఒకరు ఉండాలన్నాడు." నా కళ్ళలోకి చూసింది. "నేను రెండు వారాలు అడగను. పదకొండు రోజులు. ఉంటారా?"

నేను ఆమె చేయి పట్టుకుని లేపాను. లేవడానికి ఆమెకి సాయం కావాల్సివచ్చింది, ఎప్పట్నుంచి నొప్పితో ఉందో. కార్ దాకా నడిచేటప్పుడు ఆమె బరువు నా భుజం మీదే ఉంది.

పదకొండు రోజులు

ఇక్కడితో చూసినవాటి గురించి రాయడానికేమీ లేదు. చూసిందల్లా హాస్పిటల్, ఇండియన్ స్టోర్. మా ఆయన పెసరకట్టు నేర్చుకున్నారు, మూడో ప్రయత్నంలో బాగా కుదిరింది. నేను మెత్తగా అన్నం వండి, నెయ్యి వేసి, పద్మజ మంచం పక్కన కూర్చుని పెట్టాను. ఆవకాయ అడిగింది. పథ్యం అయ్యేదాకా లేదన్నాను. డబ్బాలో మిగిలిన పావువంతు ఫ్రిజ్‌లో దాచాను. మరకల చీర చూసి కుట్లు నొప్పెట్టేలా నవ్వి, దిండు గలీబులు కుట్టించుకుంటానంది. నేనేం చేసినా "థాంక్స్ సుగుణ గారూ" అనేది. గారూ పోలేదు. పోవాలని నేనూ అడగలేదు.

అనూకి పద్దెనిమిదేళ్ళు. ఆపరేషన్ అయిన రోజు హాస్పిటల్ వరండాలో ఆ పిల్లకి కూడా క్షమాపణ చెప్పాను, చిన్నా పెద్దా అని చూసుకోకుండా. విని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పుస్తకం తెరిచింది. తర్వాత నాతో అవసరమైనంతే మాట్లాడింది. ఆంటీ, మందు టైమ్. ఆంటీ, గ్యాస్ ఆఫ్ చేయండి. నేను తప్పుపట్టలేదు. పదేళ్ళప్పుడు స్నేహితులందరినీ వదిలిపెట్టి విమానమెక్కిన పిల్ల.

పన్నెండో రోజు, శనివారం ఉదయం బయల్దేరాం. పద్మజ గుమ్మం దాకా గోడ పట్టుకుని తనే నడిచొచ్చింది. వెండి గిన్నె మాత్రం తీసుకోలేదు. "అది మీ దగ్గరే ఉండనీండి, మళ్ళీ వచ్చినప్పుడు అందులో నాకు ఏదైనా వండి తెద్దురు," అంది. మళ్ళీ వచ్చినప్పుడు అన్న మాటని నేను పెన్సిల్వేనియా దాటేదాకా తలుచుకుంటూనే ఉన్నాను.

కార్ స్టార్ట్ చేశాక అనూ పరిగెత్తుకుంటూ వచ్చింది. నైట్‌ప్యాంట్, చెప్పుల్లేవు. కిటికీ దించితే ఒక సంచి నా ఒళ్ళో పెట్టింది. కమలాపళ్ళు.

"దారిలో తినండి ఆంటీ," అంది, అమెరికన్ యాసలో తడబడుతూ. పిడికిలి విప్పి చూపించింది, అందులో ఒక పండు ఉంది.

"ఒకటి నేను తీస్కున్నా."